యుద్ధం ఖర్చు: పన్నా, అప్పా, నోట్ల ముద్రణా?

2003 మార్చి 20న అమెరికా ఇరాక్ మీద యుద్ధం మొదలుపెట్టింది. పది వారాలు తిరక్కుండానే, మే 28న, పన్నులు తగ్గించే చట్టం మీద అధ్యక్షుడు జార్జ్ బుష్ సంతకం పెట్టాడు. ఒక చేత్తో యుద్ధం, ఇంకో చేత్తో పన్నుల తగ్గింపు. అంతకు ముందు, 2002 సెప్టెంబరులో, ఆయన ఆర్థిక సలహాదారు లారీ లిండ్సే ఈ యుద్ధానికి పది వేల కోట్ల నుంచి ఇరవై వేల కోట్ల డాలర్ల దాకా ఖర్చవుతుందని పైకి చెప్పేశాడు. డిసెంబరుకల్లా ఆయన పదవిలో లేడు. చివరికి ఖర్చు తడిసి మోపెడై, ఆయన చెప్పిన అంకెను ఎప్పుడో దాటిపోయింది.

ఎన్నికలప్పుడు యుద్ధం గురించి మాట్లాడే నాయకులకి చప్పట్లు బాగా పడతాయి. దేశభక్తి, పరువు, ప్రతీకారం, అన్నీ వినిపిస్తాయి. డబ్బు ఎక్కడిదని అడిగితే మాత్రం అడిగినవాడినే అనుమానంగా చూస్తారు. ఓటరుగా నేను అడగాలనుకునే మొదటి ప్రశ్న అదే. యుద్ధం న్యాయమైనదా కాదా అన్నది ఇంకో పెద్ద చర్చ. అది తేలినా తేలకపోయినా సైనికుడి జీతం, తూటా, ఇంధనం, గాయపడినవాడి పింఛను, వీటికి ఎవరో ఒకరు కట్టాల్సిందే. కట్టే దారులు ముఖ్యంగా మూడు: పన్ను, అప్పు, నోట్ల ముద్రణ. మూడిట్లోనూ చివరికి కట్టేది జనమే. తేడా అల్లా ఎప్పుడు కడతారు, తెలిసి కడతారా తెలియక కడతారా, అందరిలో ఎవరు ఎక్కువ కడతారు అన్నదాంట్లోనే.

నా ఓటు పన్నుకి. కారణం చెబుతాను, దాని లోపాలూ చెబుతాను.

ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ 1776లోనే ఈ సంగతి పట్టుకున్నాడు. ఏ ఏటి యుద్ధం ఖర్చు ఆ ఏడే పన్నులుగా వసూలు చేస్తే యుద్ధాలు త్వరగా ముగుస్తాయని, ఊరికే తెచ్చిపెట్టుకునే యుద్ధాలు తగ్గుతాయని ఆయన వాదన. అప్పు మీద నడిస్తే, యుద్ధభూమికి దూరంగా రాజధానిలో ఉన్నవాళ్లకి అది పేపర్లో చదువుకునే కాలక్షేపంగా మారుతుందని కూడా అన్నాడు. ఇప్పుడు పేపరు బదులు టీవీ, ఫోను వచ్చాయి, అంతే.

ఆ మాటలకి పాతికేళ్లు కూడా నిండకముందే బ్రిటన్ దాన్ని చేసి చూపించింది. ఫ్రాన్స్‌తో యుద్ధం కోసం ప్రధాని విలియం పిట్ 1799లో ఆదాయపు పన్ను తెచ్చాడు. ఏడాదికి 60 పౌండ్ల లోపు ఆదాయానికి పన్ను లేదు, 200 పౌండ్లు దాటితే 10 శాతం. 1802లో సంధి కుదరగానే తీసేశారు. మరుసటి ఏడాది మళ్లీ యుద్ధం, మళ్లీ పన్ను. 1816లో, నెపోలియన్ ఓడిపోయాక, జనం గొడవ చేసి తీయించేశారు. యుద్ధం ఉంటే పన్ను, లేకపోతే లేదు. ఓటరుకి ఇంతకంటే స్పష్టమైన లెక్క ఎవరు చూపిస్తారు? అయితే కథ అక్కడితో అయిపోలేదు. 1842లో యుద్ధం కోసం కాకుండా లోటు పూడ్చడానికి అదే పన్ను వెనక్కి వచ్చింది, ఇక పోలేదు. యుద్ధం నేర్పిన వసూలు పద్ధతిని ప్రభుత్వాలు అంత తేలిగ్గా మరిచిపోవు.

కంటికి కనిపించడమే పన్నుకున్న పెద్ద గుణం అని నాకనిపిస్తుంది. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థుల భారం మొయ్యడానికి భారత ప్రభుత్వం నవంబరు 15 నుంచి ఉత్తరాల మీద అదనంగా ఐదు పైసల స్టాంపు అంటించమంది. వచ్చే డబ్బు పెద్దదేం కాకపోవచ్చు. కానీ ఉత్తరం రాసిన ప్రతిసారీ సరిహద్దులో ఏం జరుగుతోందో చేతికి తెలిసేది. ప్రభుత్వాలు పన్నుని కనబడకుండా చెయ్యడమూ నేర్చుకున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాలో పన్ను కట్టేవాళ్లు 4 కోట్లు దాటారు, పై శ్లాబు 94 శాతానికి వెళ్లింది. 1943 నుంచి జీతం చేతికి రాకముందే పన్ను కోసుకోవడం మొదలైంది. వసూలుకి అది గొప్ప సౌకర్యమే. కాకపోతే జేబులోకి రాని డబ్బు పోయినట్టు కూడా అనిపించదు.

పన్ను అనగానే సరిపోదు, ఏ పన్ను అన్నది కూడా చూడాలి. రష్యా 2026 జనవరి నుంచి వ్యాట్‌ని 20 నుంచి 22 శాతానికి పెంచింది. సరుకు మీద పన్ను కోటీశ్వరుడికీ కూలివాడికీ ఒకటే రేటు. కానీ కూలివాడు సంపాదించినదంతా ఖర్చుపెట్టాలి కాబట్టి ఆదాయంలో అతని వాటా ఎక్కువ పోతుంది. తరచుగా ఆ కూలివాడి కొడుకే యుద్ధానికీ వెళతాడు. ఉక్రెయిన్ 2024 డిసెంబరు నుంచి వ్యక్తుల ఆదాయం మీద సైనిక పన్నును 1.5 నుంచి 5 శాతానికి పెంచింది. అదీ బరువే, కాకపోతే ఆదాయాన్ని బట్టి పడే బరువు. ఈ రెండిట్లో నాకు రెండోదే నయం.

పన్ను లోపం ఏమిటంటే అది నెమ్మదిది. శత్రువు సరిహద్దు దాటాక చట్టం రాసి, శ్లాబులు తేల్చి, వసూలు చేసుకుందామంటే ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే. అక్కడే అప్పు పనికొస్తుంది.

అప్పుని నేను తిట్టను. దేశం ఉంటుందో ఊడుతుందో అన్న యుద్ధంలో అప్పు చెయ్యడంలో న్యాయం ఉంది. ఆ దేశంలో రేపు పుట్టి బతకబోయేవాళ్లు కూడా తలా కొంత కట్టడంలో తప్పేముంది? రెండో ప్రపంచ యుద్ధంతో ఖజానా ఖాళీ అయిన బ్రిటన్ 1946లో అమెరికా నుంచి 375 కోట్ల డాలర్లు రెండు శాతం వడ్డీకి తీసుకుంది. చివరి వాయిదా 2006 ఆఖరున కట్టింది. ఆ అప్పు పుట్టిన ఏడాది పుట్టినవాళ్లకి అప్పటికి అరవై ఏళ్లు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి బాండ్ల (ప్రభుత్వం అప్పు తీసుకుని రాసిచ్చే పత్రాలు) సంగతి ఇంకా విచిత్రం, వాటిలో చివరగా మిగిలిన పెద్ద బాండును 2015 మార్చిలో తీర్చారు. హిట్లర్‌ని ఆపినందుకు అరవై ఏళ్ల వాయిదాలు ఎక్కువని నేను అనను. 1914లో ఎందుకు మొదలైందో ఇవాళ్టికీ చరిత్రకారులు కొట్టుకునే యుద్ధానికి వందేళ్లు కట్టడం గురించి మాత్రం అంత ధీమాగా చెప్పలేను.

అప్పులో ఇంకో మెలిక ఉంది. ప్రభుత్వానికి అప్పిచ్చేది ఎవరు? చేతిలో డబ్బు మిగిలినవాళ్లు. వడ్డీ వాళ్లకే వెళుతుంది. ఆ వడ్డీ కట్టే పన్ను అందరి దగ్గరా వసూలవుతుంది. అంటే యుద్ధం అయిపోయాక కూడా ఏళ్ల తరబడి కిందనుంచి పైకి డబ్బు పారుతూ ఉంటుంది. పోనీ చిన్నవాళ్లు కూడా బాండ్లు కొంటే? రెండో యుద్ధంలో అమెరికాలో ఎనిమిదిన్నర కోట్ల మంది కొన్నారు. అయితే ప్రభుత్వానికి వడ్డీ భారం పెరగకుండా అక్కడి కేంద్ర బ్యాంకు దీర్ఘకాల బాండ్ల వడ్డీని 1951 దాకా 2.5 శాతం దగ్గర కట్టిపడేసింది. యుద్ధం అయ్యాక 1947లో ఒక్క ఏడాదిలోనే ధరలు 14 శాతం పెరిగాయి. దేశభక్తితో దాచుకున్న డబ్బు కొంత అలా కరిగిపోయింది. దీన్ని ఎవరూ పన్ను అనలేదు, దీని మీద ఓటింగూ జరగలేదు.

అన్నిటికంటే చెడ్డ అప్పు, ఓడిపోయినవాడు కడతాడులే అని చేసేది. మొదటి యుద్ధంలో జర్మనీ తొమ్మిది విడతలు యుద్ధ రుణాలు సేకరించింది. ఈ భారం శత్రువులే మోస్తారని ఆర్థిక బాధ్యతలు చూసే కార్ల్ హెల్ఫెరిష్ 1915లో పార్లమెంటులోనే చెప్పాడు. ఓడిపోయింది తామే. 1914లో ఒక డాలరుకి 4.2 మార్కులు. ఆ తర్వాత ప్రభుత్వం నోట్లు ముద్రించుకుంటూ పోయింది. 1923 నవంబరుకి ఒక డాలరుకి 4.2 లక్షల కోట్ల మార్కులు. యుద్ధ బాండ్లు కొన్న మధ్యతరగతి పొదుపు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ‘గెలిస్తే వసూలు చేసుకుందాం’ అని ఏ నాయకుడైనా అంటే నాకు ఈ రెండు అంకెలే గుర్తొస్తాయి.

మూడో దారి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణ రాష్ట్రాలు ఎక్కువగా నోట్ల మీదే నడిచాయి, చివరికి అక్కడి ధరలు సుమారు 90 రెట్లయ్యాయి. రెండో యుద్ధం తర్వాత హంగరీలో 1946 జూలైలో ధరలు దాదాపు 15 గంటలకోసారి రెట్టింపయ్యేవి. ఇది కొరివితో తల గోక్కోవడమే. ఒక్క చోట మాత్రం నా మాట కొంచెం వెనక్కి తీసుకుంటాను. 2022లో రష్యా దాడి చేశాక ఉక్రెయిన్ కేంద్ర బ్యాంకు నలభై వేల కోట్ల హ్రివ్నియాల (అక్కడి కరెన్సీ) ప్రభుత్వ బాండ్లు నేరుగా కొంది. కొత్తగా డబ్బు పుట్టించి కొన్నారు కాబట్టి పేరు ఏదైనా అది ముద్రణే. ఏడాది చివరికి ధరలు 26.6 శాతం పెరిగాయి. వేరే దారి లేక చేశారు. జూన్‌లోనే వడ్డీ రేటుని 10 నుంచి 25 శాతానికి పెంచారు, 2023లో ఆ కొనుగోళ్లు ఆపేశారు. ఆ ఏడాది చివరికి ధరల పెరుగుదల 5.1 శాతానికి దిగింది. విదేశాల సాయం లేకపోతే అలా ఆపగలిగేవాళ్లా అన్నది వేరే సంగతి.

ఈ మూడూ కాకుండా బ్రిటన్ ఆర్థికవేత్త కీన్స్ 1940లో ఇంకో దారి చెప్పాడు. జీతంలో కొంత బలవంతంగా పక్కన పెట్టించి, యుద్ధం అయ్యాక తిరిగి ఇవ్వాలని. బ్రిటన్ 1941లో కొంతవరకు అమలు చేసింది. వినడానికి అందంగా ఉంటుంది. కొంతమందికి ఆ డబ్బు 1970ల మొదట్లో గానీ చేరలేదు, అప్పటికి దాని విలువ చాలావరకు పడిపోయింది. తిరిగి ఇస్తామన్న తేదీ చట్టంలో లేకపోతే ఇది కూడా ఇంకో రకం పన్నే.

మరి పన్ను అంత మంచిదైతే నాయకులు ఎందుకు వెయ్యరు? అమెరికా అధ్యక్షుడు ట్రూమన్‌ని చూడండి. 1950 జూన్‌లో కొరియా యుద్ధం మొదలయ్యాక ఎప్పటి ఖర్చు అప్పుడే కట్టుకుందామన్నాడు. 1950, 1951లలో పన్నులు పెంచాడు. 1952 ఫిబ్రవరిలో ఆయనకి జనామోదం 22 శాతం. దానికి పన్నులొక్కటే కారణం కాదు. కొరియాలో సేనల్ని నడిపిన జనరల్ మెకార్థర్‌ని తీసేసిన గొడవ ఉంది, యుద్ధం ఎటూ తేలకపోవడం ఉంది. అయినా ఆ ఏడాది ఆయన మళ్లీ పోటీ చెయ్యలేదు. 1963లో అధ్యక్షుడైన జాన్సన్ ఆ పాఠం బాగానే వంటపట్టించుకున్నాడు. 1965లో వియత్నాంకి సేనల్ని భారీగా పంపి, పది శాతం అదనపు పన్నుని 1968 దాకా వాయిదా వేశాడు. అప్పటికే ధరలు పైకి లేచాయి. ఇక్కడ తప్పు నాయకులది ఒక్కటే కాదు, బిల్లు చూపించినవాడిని శిక్షించి, దాచినవాడిని మళ్లీ గెలిపించే మనది కూడా.

ఇదంతా పాత కథ అనుకోవడానికి లేదు. 2025 జూన్‌లో హేగ్‌లో నాటో దేశాలు 2035 నాటికి రక్షణకీ, దాని అనుబంధ అవసరాలకీ జీడీపీలో 5 శాతం పెట్టాలని ఒప్పుకున్నాయి. అంతకు ముందే మార్చిలో జర్మనీ రాజ్యాంగం మార్చి, జీడీపీలో ఒక శాతం దాటిన రక్షణ ఖర్చుని అప్పుల పరిమితి నుంచి తప్పించింది. అంటే అక్కడ ప్రస్తుతానికి అప్పు గెలిచింది. ఏళ్ల తరబడి పాడైపోయిన సైన్యాన్ని ఒక్కసారి బాగుచేసుకోవడానికి అప్పు చెయ్యడం నాకు సమంజసంగానే కనిపిస్తుంది. ఏటా వచ్చే జీతాలు, పింఛన్లు, మరమ్మతులు కూడా ఆ అప్పులోంచే కడితే అది వేరే పేరుతో నడిచే వాయిదా.

కాబట్టి నా లెక్క ఇది. దాడి జరిగితే ముందు అప్పు, ఏడాది తిరిగేలోపు ఆదాయాన్ని బట్టి పన్ను. మనమే కోరి వెళ్లే యుద్ధమైతే మొదటి రోజు నుంచీ పన్నే, రేటు ముందే చెప్పాలి. ‘ఈ యుద్ధం కావాలి, అందుకు మీ పన్ను ఇంత పెంచుతాను’ అన్న అభ్యర్థికి, ఆ యుద్ధం నాకు నచ్చకపోయినా, నేను గౌరవం ఇస్తాను. నచ్చితే ఓటు కూడా వేస్తాను. మొదటి నెల జీతం స్లిప్పు చూసుకున్నాక కూడా ఇదే మాట మీద ఉంటానా అంటే, ఉండాలనే ఉంది.