బలూ తమ్ముడు 2: అట్ట మీదికి బాగుంటుంది, లోపలి పేజీలకి వద్దు

తెలుగు శీర్షికలకి లావుగా, గుండ్రంగా, కాస్త అల్లరిగా ఉండే ఫాంటు కావాలంటే ఉచితంగా దొరికేవాటిలో ముందు చూడాల్సింది ఇదే. ముంబైలోని ఏక్ టైప్ అనే ఫాంట్ల సంస్థ వాళ్ళు తొమ్మిది భారతీయ లిపులకి చేసిన బలూ కుటుంబంలో తెలుగు వంతు ఇది. గూగుల్ ఫాంట్స్‌లో ఉంది. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కాబట్టి పుస్తకం అట్టకీ, టిఫిన్ సెంటర్ బోర్డుకీ, యాప్‌కీ పైసా కట్టక్కర్లేదు. ఫాంటు ఫైలునే విడిగా అమ్ముకోవడం మాత్రం కుదరదు.

మన అక్షరాలు పుట్టుకతోనే గుండ్రన. అందుకే ఈ లావు వాటికి అతికించినట్టు ఉండదు, చక్కగా ఒదిగిపోతుంది. ఇంగ్లీషు అక్షరాలు కూడా అదే ఫైల్లో, అదే పోలికతో ఉన్నాయి కనక రెండు భాషల బోర్డుకి ఇంకో ఫాంటు వెతకనవసరం లేదు. రెగ్యులర్ నుంచి ఎక్స్‌ట్రాబోల్డ్ దాకా ఐదు మందాలు. అందం అంతా చివరి రెండింటిలోనే ఉంది.

చిక్కు కూడా అక్కడే. ఎక్స్‌ట్రాబోల్డ్‌ని చిన్న సైజులో పెడితే అక్షరాల పొట్టలు, అంటే లోపలి ఖాళీలు, పూడుకుపోతాయి. 'పాఠశాల'లో ఠ మధ్య చుక్క కలిసిపోయి ముద్దలా కనిపిస్తుంది. థ, ధ తేడా తెలియదు. తెర మీద 24 పిక్సెళ్ళకి తగ్గితే మీడియంకి దిగండి. ఇప్పటికే లావుగా ఉన్నదాని మీద వర్డ్‌లో బోల్డ్ బటన్ నొక్కొద్దు, పొట్టలు ఇంకా మూసుకుపోతాయి. వెబ్‌లో 400 మందం (రెగ్యులర్) ఒక్కటే లోడ్ చేసి 800 (ఎక్స్‌ట్రాబోల్డ్) అడిగినా ఇదే గతి: బ్రౌజరు తనే దొంగ బోల్డ్ తయారుచేస్తుంది.

రెండో చిక్కు వరసల మధ్య దూరం. వత్తుల కోసం ఫాంటులోనే కిందా పైనా చాలా జాగా వదిలారు. అలాగే వదిలేస్తే రెండు వరసల శీర్షిక విడిపోయినట్టుంటుంది, బటన్ మీద మాట నడిమికి రాదు. లైన్ హైట్ (వరస ఎత్తు) అక్షరం సైజుకి 1.4 రెట్లతో మొదలుపెట్టి సరిచూసుకోండి. మరీ బిగిస్తే 'రాష్ట్రం' కింది వత్తులు తర్వాతి వరసలోని గుడిదీర్ఘాన్ని తాకుతాయి. పరీక్షకి 'స్వాతంత్ర్యం' లాంటి మాటే పెట్టి చూడాలి, 'అమ్మ' పెట్టి కాదు.

పేజీలు పేర్చే ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ కంపోజర్‌ని వరల్డ్ రెడీకి మార్చకపోతే వత్తులు విడివిడిగా పడతాయి. బొమ్మలు గీసే ఇల్లస్ట్రేటర్‌లో ముందు ప్రిఫరెన్సుల్లో ఇండిక్ ఆప్షన్లు ఆన్ చేయాలి. తప్పు ఫాంటుది కాదు. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైప్ చేసిన పాత మేటరు దీన్లోకి నేరుగా రాదు, ముందు యూనికోడ్‌కి మార్చుకోవాలి.

ఫ్లెక్స్‌కి పంపేటప్పుడు వేరియబుల్ ఫైలు (అన్ని మందాలూ ఒకే ఫైల్లో ఉండేది) బదులు 'స్టాటిక్' ఫోల్డర్లోది వాడి, అక్షరాలని కర్వ్స్‌గా, అంటే గీతల బొమ్మగా, మార్చి పంపండి. వేరియబుల్ ఫాంట్లలో అక్షరం ముక్కలు ఒకదానిమీద ఒకటి ఉండొచ్చు. అలాంటి అక్షరం చుట్టూ తెల్లగీత వేస్తే లోపల కూడా గీతలు తేలతాయి. అలా తేలితే కోరల్‌డ్రాలో వెల్డ్ చేస్తే (ముక్కల్ని ఒకటిగా కలిపితే) పోతాయి.

రెండు మూడు మాటలకి ఇది బ్రహ్మాండం. పేరా మొత్తం దీంతో పెడితే మాత్రం కళ్ళు అలిసిపోతాయి. లోపలి పాఠానికి మండలి ఫాంటు గానీ నోటో సాన్స్ తెలుగు గానీ పెట్టుకోండి.