అంబాసిడర్‌కి ఏది మేలు: పాయింట్లా, ఎలక్ట్రానిక్ ఇగ్నిషనా?

మా నాన్నగారి అంబాసిడర్ ఇప్పటికీ పాయింట్ల మీదే నడుస్తోంది. పాయింట్లంటే డిస్ట్రిబ్యూటర్‌లో, అంటే స్పార్క్‌ని ఒక్కో సిలిండర్‌కి పంచే డబ్బాలో, కలుస్తూ విడుతూ స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌లో ఆ పని సెన్సార్, మాడ్యూల్ చేస్తాయి. ఆటోనగర్‌కి తీసుకెళ్లిన ప్రతిసారీ "ఇవి పీకేసి ఎలక్ట్రానిక్ వేయించండి సార్, ఏ గొడవా ఉండదు" అంటారు మెకానిక్‌లు. ఆ సలహా తప్పని అనను. కానీ డబ్బు పెట్టేముందు డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, మధ్యలో తిరిగే షాఫ్ట్‌ని పట్టుకుని పక్కకి కదిపి చూడండి. చాలామంది ఇదే చూడరు.

షాఫ్ట్‌ని పట్టి ఉంచే బుష్ అరిగి అది ఊగుతుంటే పాయింట్ల గ్యాప్ ఒక్కో సిలిండర్‌కి ఒక్కోలా ఉంటుంది. ఎన్నిసార్లు సెట్ చేసినా నిలవదు. అలాంటి బండికి ఎలక్ట్రానిక్కే మేలు. అందులో అయస్కాంతం, సెన్సార్ ఒకదాన్నొకటి తాకవు, అరిగేదేమీ లేదు. మే నెల ఎండలో బెంజ్ సర్కిల్ దగ్గర ఆగి ఆగి వెళ్లే రోజువారీ బండికైనా నా ఓటు దానికే. అయితే ఇంజన్ వేగాన్ని బట్టి స్పార్క్‌ని ముందుకు జరిపే అడ్వాన్స్ బరువులు, స్ప్రింగులు పట్టేసి ఉంటే ఏ ఎలక్ట్రానిక్కూ బండిని బాగు చేయలేదు.

షాఫ్ట్ గట్టిగా ఉండి, బండి ఆదివారాలే బయటికొస్తుంటే పాయింట్లే ఉంచుకోండి. షాఫ్ట్ మీది క్యామ్ ఎత్తు మీద పాయింట్లు పూర్తిగా విడినప్పుడు గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. గ్యాప్ కొలిచే ఫీలర్ గేజ్ రేకు పట్టీ పట్టనట్టు జారాలి. గ్యాప్ మారితే టైమింగ్, అంటే స్పార్క్ పడే క్షణం, కూడా జరుగుతుంది కాబట్టి ముందు గ్యాప్, తర్వాతే టైమింగ్. కీ ఆన్ చేసి, ఒక 12 వోల్టుల బల్బుని కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చే సన్న తీగకీ, ఎర్త్‌కీ కలిపితే పాయింట్లు విడిన క్షణమే వెలుగుతుంది. పాయింట్లలో ఒక వైపు గుంట, రెండో వైపు బుడిపె కనిపిస్తే, పాయింట్ల మధ్య నిప్పురవ్వల్ని తగ్గించే కండెన్సర్‌ని అనుమానించాలి.

ఒకసారి గుంటూరు వెళ్తుంటే మంగళగిరి దాటాక బండి ఆగిపోయింది. పాయింట్లు దగ్గరకొచ్చేశాయి. ఫీలర్ గేజ్ లేదు. జేబులోని విజిటింగ్ కార్డు మధ్యలో పెట్టి స్క్రూ బిగించి, కార్డు లాగేశాను, అలాగే ఇంటికొచ్చేశాం. ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పోతే రోడ్డు మీద అలా చేయడానికి ఏమీ ఉండదు.

అందుకే ఎలక్ట్రానిక్ వేయించినవాళ్లు పాత పాయింట్ల ప్లేటు, కండెన్సర్ డిక్కీలో ఉంచుకోండి. బ్యాటరీ తీగలు తారుమారు చేయొద్దు. ఇంజన్ ఆపి, కీ ఆన్‌లో వదిలేసి పాటలు వినొద్దు. కొన్ని మాడ్యూళ్లు అలాగే కాలిపోతాయి.