పాత సైనిక జీపు వెనుక తగిలించుకునే ఎల్ఈడీ దీపాల పలక: ఎనిమిది నెలల వాడకం తరువాత

1941కీ 1945కీ మధ్య విల్లీస్, ఫోర్డ్ కర్మాగారాలలో తయారైన జీపును నేటి రహదారి మీద నడిపేవారికి ముందున్న దారి కంటే వెనుక నుంచి వచ్చే వాహనాలతోనే ఎక్కువ భయం. చూడటానికి వెనుక రెండు దీపాలున్నా, మామూలు టెయిల్ దీపం, బ్రేకు దీపం రెండూ ఎడమ పక్క డబ్బాలోనే ఉంటాయి. కుడి పక్కది శత్రువు కంట పడకుండా మసకగా వెలిగే బ్లాకౌట్ దీపం మాత్రమే. అందువల్ల ఎడమ పక్కన నడిచే దేశాలలో, వెనుకవారు దాటి వెళ్లవలసిన వైపే చీకటిగా ఉంటుంది. మలుపు సిగ్నళ్లు అసలే లేవు. పైగా ఆ మెరుపులేని ఆకుపచ్చ రంగు వేసిందే కనబడకుండా ఉండటానికి. నా జీపు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో కులాసాగా నడుస్తుంది. వెనుక 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు 11 మీటర్ల చొప్పున దగ్గరవుతుంది కనుక, 200 మీటర్ల దూరంలో నన్ను గమనించిన డ్రైవరుకు మిగిలేది 18 సెకన్లు. చక్రాల బదులు ఇనుప పట్టీల మీద 20 కిలోమీటర్ల వేగంతో కదిలే ట్రాకుల బండి అయితే 9 సెకన్లే. ఈ లెక్క చూసుకున్న తరువాతే, బాడీకి రంధ్రాలు చేయకుండా తగిలించి మళ్లీ తీసేయగల ఈ దీపాల పలకను కొన్నాను.

పలక మీటరుకు కొంచెం పైగా పొడవుంటుంది. లోహపు చట్రానికి రెండు చివరలా టెయిల్, బ్రేకు, సిగ్నల్ దీపాలు, మధ్యలో నెమ్మదిగా నడిచే వాహనానికి గుర్తయిన త్రిభుజం, వెనుక నాలుగు మాగ్నెట్లు ఉన్నాయి. 6 నుంచి 24 వోల్టుల వరకు దేనితోనైనా పనిచేస్తుందని డబ్బా మీద రాశారు; ఆ మాట నిజమే. ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే యుద్ధకాలపు జీపు 6 వోల్టులది, 1950లో వచ్చిన ఎం38 జీపు 24 వోల్టులది. 6 వోల్టుల మీద మామూలు బల్బుకు 12 వోల్టుల బండిలో కంటే రెట్టింపు కరెంటు కావాలి కనుక, పాతబడిన వైరులోనూ తుప్పు పట్టిన ఎర్త్ (బ్యాటరీ ఒక కొసను బండి లోహానికి కలిపే చోటు) దగ్గరా కాస్త వోల్టేజ్ పోయినా బల్బు మిణుగురు పురుగులా మారుతుంది. ఎల్ఈడీ తీసుకునే కరెంటు చాలా తక్కువ కావడంతో, బండి ఆగి ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కూడా ఈ పలక వెలుగు తగ్గలేదు.

బ్రేకు దీపం గురించి మాత్రం కొనేవారు ఒక సంగతి గ్రహించాలి. ఈ పలక సంకేతాన్ని బండిలోని పాత స్విచ్ నుంచే తీసుకుంటుంది. జీపులో ఆ స్విచ్, పెడల్ ఒత్తిడిని బ్రేకు ద్రవానికి అందించే మాస్టర్ సిలిండర్ దగ్గర బ్రేకు ద్రవం ఒత్తిడితో పనిచేస్తుంది కనుక, పెడల్ మీద కాలు తేలికగా ఆనించినంత మాత్రాన దీపం వెలగదు. అంతకంటే ముఖ్యం, పాత బండిని నడిపేవారు బ్రేకు డ్రమ్ములు వేడెక్కకుండా గేరు తగ్గించి ఇంజన్‌తోనే వేగం తగ్గించుకుంటారు. అప్పుడు బండి నెమ్మదిస్తున్నా వెనుకవారికి ఏ దీపమూ కనిపించదు. దీనికి నేను చేసుకున్న అలవాటు, గేరు తగ్గించే ముందే దీపం వెలిగేంత గట్టిగా పెడల్‌ను రెండుసార్లు నొక్కి వదలడం. బ్రేకు గొట్టాలన్నీ ఒకే వలయంలో ఉండి, ఎక్కడ కారినా మొత్తం బ్రేకు పోయే బండిలో, ఆ నొక్కుడు వల్ల పెడల్ గట్టిగా ఉందో లేదో కూడా తెలుస్తుంది.

త్రిభుజం నాకు బాగా నచ్చింది, అయినా నా జీపుకు దాన్ని వాడను. మధ్యనున్న ఫ్లోరసెంట్ భాగం పగటి వెలుతురులోనూ, మునిమాపు వేళలోనూ మండుతున్నట్టు కనిపిస్తుంది. ఎండ నేరుగా పడే మధ్యాహ్నం దీపాల కంటే అదే ముందు కంట పడుతుంది. చుట్టూ ఉన్న ఎర్ర అంచు రాత్రి హెడ్‌లైట్ల కాంతిని తిరిగి పంపుతుంది. అయితే ఈ గుర్తు సాధారణంగా గంటకు 40 కిలోమీటర్లు మించని వాహనాలకు ఉద్దేశించినది. దాన్ని చూసిన డ్రైవరు ముందున్నది ట్రాక్టర్ వేగంతో పోతోందనుకుని దాటబోతాడు. 60 వేగంతో పోయే జీపును దాటడానికి ఆ అంచనాతో దిగితే, ఎదురు వాహనం వచ్చేసరికి పక్క వరుసలోనే ఉండిపోతాడు. మా మిత్రుడి జీఎంసీ లారీ ఎత్తు ఎక్కేటప్పుడు 30 దాటదు. దానికి త్రిభుజం అతికినట్టు సరిపోయింది. వాడకముందు ఎవరి ప్రాంతపు నిబంధన వారు చూసుకోవాలి.

మాగ్నెట్ల దగ్గర తయారీదారుల ఆలోచన లారీ దాటి రాలేదు. లారీ ఉక్కు బాడీకి అవి గట్టిగా పట్టుకున్నాయి. జీపుకు వెనుక ఒక పక్క స్పేర్ టైరు, ఇంకో పక్క పెట్రోలు డబ్బా ఉండటంతో ఇంత పొడవు పలకకు చదునైన చోటే దొరకలేదు. చివరకు వెనుక చిన్న బంపర్లకు అడ్డంగా చెక్క పట్టెను బిగించి, దానికి కట్టుకున్నాను. అల్యూమినియం బాడీ గల పాత ల్యాండ్ రోవర్‌కు మాగ్నెట్ ఎలాగూ అంటదు. అంటిన చోట కూడా దుమ్ము తుడవకుండా పెడితే రంగు గీసుకుపోతుంది.

అసలు చిరాకు తెప్పించింది వేరొకటి. ఇంకొక మిత్రుడి బ్రిటిష్ బండిలో బ్యాటరీ పాజిటివ్ కొస ఎర్త్‌కు కలిపి ఉంటుంది. ఈ పలక చట్రమేమో లోపల నెగెటివ్ వైరుకు కలిసి ఉంది. చట్రం అంచు బాడీకి తగలగానే ఫ్యూజు పోయింది. ఫ్యూజు లేని పాత బండి అయితే వైరే కాలిపోయేది. వివరాల కాగితంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. అమ్మినవారికి రాస్తే, బండి వైరింగ్ సరిచూసుకోమని జవాబిచ్చారు! చట్రానికీ బాడీకీ మధ్య రబ్బరు ముక్కలు పెట్టి ఆ బండికి పని కానిచ్చాం.

సిగ్నల్ దీపాలతో పాటు వచ్చిన ఎలక్ట్రానిక్ ఫ్లాషర్‌నే (దీపాలను వెలిగిస్తూ ఆర్పుతూ ఉండే పరికరం) వాడాలి. ఇదివరకే సిగ్నళ్లు పెట్టించుకున్న బండిలోని వేడితో పనిచేసే పాత ఫ్లాషర్‌కు ఎల్ఈడీలు తీసుకునే కొద్దిపాటి కరెంటు చాలదు, దీపాలు సరిగా వెలుగుతూ ఆరుతూ ఉండవు. వైరు పొడవు జీపుకు సరిపోయింది కానీ లారీ క్యాబిన్ దాకా రాలేదు, అతుకు వేయవలసి వచ్చింది. లారీకో ట్రాకుల బండికో అయితే నిస్సంకోచంగా కొనమంటాను. జీపు ఉన్నవారికి మాత్రం ఇదే రకంలో విడివిడిగా ఉండే రెండు దీపాల జత దొరికితే అదే మేలు.