పోర్టబుల్ ఎక్స్-రే స్ట్రెస్ మీటర్: ఏళ్ల తరబడి వాడాక

భారీ లోడు మోసే గేర్లు, షాఫ్టులు, స్ప్రింగుల్లో రెసిడ్యువల్ స్ట్రెస్ (బయటి లోడు లేకున్నా లోహంలో మిగిలి ఉండే ఒత్తిడి) కొలవడానికి మేం ఈ యంత్రాన్ని ఏళ్లుగా వాడుతున్నాం. పైపొర కొలతకు నేను మొదట చేయి చాచేది దీనికే. లోతుకు వెళ్లాలంటే మాత్రం చాకిరీ తప్పదు.

స్టీలుకు ఎక్స్-రేలు పుట్టించే క్రోమియం ట్యూబు వాడతాం. ఆ కిరణాల సమాచారం వచ్చేది పైనున్న కొద్ది మైక్రాన్ల నుంచే. ఫెటీగ్ పగుళ్లు (లోడు పదేపదే పడి వచ్చేవి) ఎక్కువగా మొదలయ్యేదీ అక్కడే కాబట్టి, ఆ కొద్ది పొరే చాలా చెబుతుంది. బాగా గ్రైండ్ చేసిన షాఫ్టూ, గ్రైండింగులో మాడిన షాఫ్టూ కంటికి ఒకేలా కనిపించొచ్చు. మీటరు పెడితే మాడిన చోట అంకె ప్లస్‌లోకి, అంటే టెన్షన్‌లోకి (లాగుడు స్ట్రెస్) పోతుంది. ఈ ఒక్క పనికే దీని మీద నాకు ఎంతో గురి.

షాట్ పీనింగ్ (చిన్న గుండ్లతో ఉపరితలాన్ని కొట్టి గట్టిపరచడం) దగ్గర పైపొర అంకె చాలదు. కంప్రెషన్ (నొక్కుడు స్ట్రెస్) గరిష్ఠంగా ఉండేది సాధారణంగా ఉపరితలానికి కాస్త కింద. అందుకని ఎలక్ట్రోపాలిషింగ్‌తో (కరెంటుతో లోహాన్ని కరిగించే పద్ధతి) కొంచెం కొంచెంగా పొర తీస్తూ, ప్రతిసారీ లోతు కొలిచి, మళ్లీ స్ట్రెస్ చూడాలి. తీసేసిన లోహం వల్ల మిగిలిన స్ట్రెస్ కూడా సర్దుకుంటుంది, దానికి కరెక్షన్ వేయాలి. తుప్పు పోవాలని ఎమెరీ కాగితంతో రుద్దితే మాత్రం కొలత పాడైనట్టే. ఆ రుద్దుడే పైపొరలో కొత్త కంప్రెషన్ పుట్టిస్తుంది, మీటరు దాన్నే చూపిస్తుంది.

సాఫ్ట్‌వేర్ ఇచ్చే చివరి అంకెను ఒంటరిగా నమ్మకండి. సైన్ స్క్వేర్ సై గ్రాఫు (కిరణం వంపు మార్చినప్పుడు లోహంలో అణు పొరల మధ్య దూరం ఎలా మారిందో చూపేది) తెరిచి చూడండి. బిందువులు ఒక గీత మీద పడితే సరే. ప్లస్, మైనస్ వంపులకు రెండు పాయలుగా చీలితే షీర్ స్ట్రెస్ (పొరలను పక్కకు జార్చే స్ట్రెస్) ఉందేమో చూడాలి, లేదా అమరికలో తేడా ఉందేమో సరిచూడాలి. అలల్లా ఊగితే ముతక గ్రెయిన్లు (లోహంలోని పెద్ద స్ఫటికాలు) గానీ, టెక్స్చర్ (స్ఫటికాలు ఒకే దిశకు తిరిగి ఉండటం) గానీ కారణం కావచ్చు. వెల్డుల్లో, కాస్టింగుల్లో ఈ బాధ ఎక్కువ. పని మొదలుపెట్టే ముందు స్ట్రెస్ లేని ఇనుప పొడి మీద సున్నా చూసుకోండి. పరికరం అమరికను సరిచూసే ప్రమాణం ఏఎస్‌టీఎం ఈ915 ప్రకారం ±14 మెగాపాస్కల్స్ లోపల రావాలి.

ఇంకా లోతు కావాలంటే మేం హోల్ డ్రిల్లింగుకి వెళ్తాం: మూడు స్ట్రెయిన్ గేజీల (లోహం సాగుడును కొలిచే పట్టీలు) రోజెట్ అంటించి, మధ్యలో సుమారు 2 మిల్లీమీటర్ల రంధ్రం. స్ట్రెస్ యీల్డుకు (లోహం శాశ్వతంగా వంగే హద్దు) దగ్గరైతే రంధ్రం అంచు ప్లాస్టిక్ అయి లెక్క తప్పుతుంది. పైగా రంధ్రం పడ్డ గేరును చాలాసార్లు తిరిగి పనిలో పెట్టలేం.

మీటరుతో నాకున్న పెద్ద ఫిర్యాదు గేరు పంటి మొదలు దగ్గరే. పక్క పన్ను కిరణానికి అడ్డొస్తుంది. దాన్ని కోసేస్తే కొంత స్ట్రెస్ విడుదలైపోతుంది కాబట్టి, కోసే ముందే స్ట్రెయిన్ గేజ్ అంటించాలి. కొనేవాళ్లు డెమోకి చదునైన పలక ఒప్పుకోకుండా, మీ సొంత గేరు ఇచ్చి పంటి మొదట్లో కొలిచి చూపించమనండి.