జూబ్లీహిల్స్‌లో స్వీడన్ పాత కుర్చీలు: సరుకు బాగుంది, చీటీలు మాత్రం నమ్మకండి

యూరప్ యాంటిక్ అంటే నల్లటి రోజ్‌వుడ్డు, ఒళ్లంతా నగిషీలు అనుకుంటాం కదా, ఈ షాపు వెనక రూములో ఉన్నవి దానికి ఫుల్ రివర్స్. లేత బూడిద, వెన్న రంగు, పాలిపోయిన నీలం పెయింటు వేసిన కుర్చీలు, పొడుగాటి సోఫాలు. గుస్తావియన్ అంటారు, స్వీడన్ రాజు మూడో గుస్తావ్ పేరు మీద వచ్చింది. ఆయన 1771లో ఫ్రాన్స్‌లో ఉండగానే తండ్రి పోయి రాజయ్యాడు, అక్కడి స్టైల్ మీద మోజుతో ఇంటికొచ్చాడు, అది మామూలు ఇళ్లదాకా దిగేసరికి బంగారు పూత పోయి పైన్, బర్చ్ లాంటి అక్కడి చెక్క మీద పెయింటు మిగిలింది. చలికాలం మధ్యాహ్నానికే చీకటిపడే దేశం, ఆ లేత రంగులు వాళ్లకి అవసరమే మరి.

నేను కొన్న కుర్చీ అయితే సూపర్. కాళ్లు కిందికి సన్నబడుతూ వాటి మీద నిలువు గాడులు, కాలు సీటుతో కలిసేచోట చెక్కిన చిన్న పువ్వు. ఆ రేకుల సందుల్లో పాత పెయింటు పొరలు పొరలుగా ఇంకా ఉంది, పైన బూడిద, కింద తెలుపు. వీపు ఆనే పట్టీ మీద, చేతులు పడేచోట మాత్రం చెక్క తేలింది. నిజంగా వాడితే అరిగేది అక్కడే.

దాని జత అని పక్కనే పెట్టినదాని సంగతి వేరే. ఎవరి చెయ్యీ పడని వెనక కాళ్ల లోపలివైపు కూడా సాండ్‌పేపర్ రుద్దేశారు! సీటు పైకెత్తి చూద్దును కదా, మూలల్లో స్టార్ స్క్రూలు, అవి వచ్చిందే 1930ల్లో, సరే రిపేరులో వేశారేమో అనుకుంటే చెక్క మీద మెషీన్ రంపం గీతలు గుండ్రంగా కనిపిస్తున్నాయి. చీటీ మీద మాత్రం రెండిటికీ 1790, రెండిటికీ ఒకే రేటు. పాపం రాజుగారిని 1792లో ముసుగుల డాన్సు పార్టీలో కాల్చేశారు, ఆయన పేరుతో కుర్చీలు మాత్రం ఇంకా పుడుతూనే ఉన్నాయి. ఓనర్ అంకుల్‌ని అడిగితే "జతలో ఒకటి తర్వాత చేయించి ఉంటారమ్మా" అని ఒప్పుకున్నాడు, చీటీ మాత్రం మార్చలేదు. నేను ఒక్కటే తీసుకున్నా, బేరం కూడా బానే కుదిరింది.

సోఫా జోలికి పోలేదు, వీపు నిటారుగా ఉంటుంది, టీవీ చూస్తూ జారబడేవాళ్లకి పనికిరాదు. పైన్ మెత్తన కూడా, పిల్లలున్న ఇంట్లో నొక్కులు గ్యారంటీ. మన ఎండలకీ వానలకీ కీళ్లు వదులైతే ఫెవికాల్ దట్టించనివ్వకండి, పాతవాటికి తోలు జిగురు వాడేవాళ్లు, అది వేడినీళ్లతో ఊడదీసి మళ్లీ అతికించొచ్చు. సీటుకి నేను మంగళగిరి గళ్ల కాటన్ వేయించా, అక్కడా గళ్ల గుడ్డలే వేసేవాళ్లు కాబట్టి అచ్చంగా కుదిరింది.

ఐదుకి మూడున్నర ఇస్తా. వెళ్తే పగలే వెళ్లండి, రాత్రి ఆ ఎల్లో లైట్ల కింద అన్ని బూడిద రంగులూ ఒకేలా ఉంటాయి.