సెలవు నడకకు ఏది మేలు: విశాఖ తీరమా, భద్రకాళి కట్టా?

మా అమ్మ పాకాల, రామప్ప, లక్నవరం చెరువులన్నీ చూసింది, సముద్రం ఒక్కటే చూడలేదు. పోయిన చలికాలం సెలవుల్లో విశాఖ తీసుకెళ్లాం. తెన్నేటి పార్కులో రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు చూసి, "దీనికి అవతలి కట్ట ఏది బిడ్డా?" అని అడిగింది. "నడవడానికి అంత దూరం ఎందుకు, మనకు వరంగల్‌లో భద్రకాళి చెరువు కట్ట లేదా" అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

దూరం నిజమే. వరంగల్ నుంచి సుమారు 550 కిలోమీటర్లు. గోదావరి ఎక్స్‌ప్రెస్ రాత్రి ఎక్కితే తెల్లారేసరికి దిగుతాం. 2023 జనవరిలో మొదలైన వందే భారత్ త్వరగానే పోతుంది గానీ అది చేరేసరికి అర్ధరాత్రి కావస్తుంది. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే నేను గోదావరికే ఓటేస్తాను.

విశాఖలో అందరూ ముందు కైలాసగిరి అంటారు. రోప్‌వే, పిల్లల రైలు, శివపార్వతుల పెద్ద విగ్రహాలు, కొండ మీంచి రుషికొండ వైపు వంపు తిరిగి పోయే తీరం: ఆ చూపు ఇంకెక్కడా దొరకదు. కానీ అది చూసే చోటు. సెలవు రోజుల్లో జనం ఎక్కువ, ఎగుడుదిగుడు దారి, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు కష్టం. పైగా అక్కణ్ణుంచి అల చప్పుడు వినపడదు.

కొండ కిందే, బీచ్ రోడ్డు పక్కన తెన్నేటి పార్కు ఉంది. స్వాతంత్ర్య సమరయోధుడు తెన్నేటి విశ్వనాథం గారి పేరు పెట్టారు. 2020 అక్టోబరులో వాయుగుండానికి బంగ్లాదేశ్ ఓడ ఒకటి కొట్టుకొచ్చి ఆగింది ఇక్కడే. చెట్ల నీడ, కూర్చోవడానికి బెంచీలు, కింద బండలకు కొట్టుకునే అలలు. తూర్పు తీరం కాబట్టి సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు. అందుకే సాయంత్రం కంటే తెల్లవారుజామునే వెళ్లండి. నడకకు నా మార్కులు దీనికే.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. మన పిల్లలు బావుల్లో, చెరువుల్లో ఈత నేర్చినవాళ్లు, ఆ ధైర్యంతో అలల్లోకి దిగుతారు. చెరువు నీళ్లు కాళ్ల కింది ఇసుకను లాగవు, సముద్రం లాగుతుంది. విశాఖ తీరంలో అలా ఎందరో పోయారు. పాదాలు తడిస్తే చాలు, అంతకు మించి వద్దు.

ఇక మన భద్రకాళి కట్ట. కాకతీయుల నాటి చెరువు, పక్కనే అమ్మవారి గుడి, ఆటో ఎక్కితే చేరిపోతాం. ఒక్క రోజే సెలవైతే, చేతిలో డబ్బు తక్కువైతే, రెండో ఆలోచన లేకుండా ఇక్కడికే పోండి. అమ్మ కూడా వారానికోసారి ఇక్కడే నడుస్తుంది, దర్శనం చేసుకుని నెమ్మదిగా తిరిగొస్తుంది. చెరువు రోజూ ఉండే చుట్టం. కానీ మూడు రోజుల సెలవు దొరికి, ఇంట్లో సముద్రం చూడని పెద్దవాళ్లు ఉంటే మాత్రం వాయిదా వేయకండి.

ఈసారి పెద్దమ్మను కూడా తీసుకెళ్దామంటోంది అమ్మ. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి, ఆ పొద్దునే కూర్చుని ఇద్దరికీ లోయర్ బెర్తులు పట్టాలి.