మూడేళ్లు వాడాక: మ్యాట్ ఆకుపచ్చ గ్లేజ్

మట్టిపాత్రల మీద పూసి కాల్చే గాజు పూతనే గ్లేజ్ అంటాం, మెరుపు లేనిదైతే మ్యాట్. ఈ ఆకుపచ్చ గ్లేజ్ అంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కింద రాసిందంతా ఫిర్యాదులా ఉంటుంది.

కోన్ 6కి (కోన్ అంటే కాల్చే వేడికి మేం వాడే కొలత), అంటే సుమారు 1220 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుతుంది. రంగు కోసం 100 గ్రాముల పొడికి 5 గ్రాముల కాపర్ కార్బనేట్ వేస్తాను. అంచుల దగ్గర పల్చబడి మట్టి రంగు తొంగిచూస్తుంది. గిన్నె లోపల మాత్రం అచ్చం అరటాకు వెనకవైపే. చేత్తో నిమిరితే సబ్బుబిళ్లలా ఉంటుంది. మొదటి ఏడాది అడిగినవాళ్లందరికీ ఇదే వాడమన్నాను.

కిందటి సంక్రాంతికి పులిహోర కోసం తీసిన చింతపండు రసం మిగిలితే, అత్తయ్య ఆ గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో పెట్టారు. మూడోరోజు సగం చారులో వాడి, మిగిలింది వంచేసి గిన్నె కడుగుతుంటే లోపల గీత గీసినట్టు ఒక వలయం కనిపించింది. గీతకి పైన నా ఆకుపచ్చ. కింద, రసం నిలిచినంత మేరా పాలిపోయిన బూడిద రంగు. మరకేమో అనుకుని పీచుతో తోమాను, పోలేదు. వేలితో రాస్తే పైభాగం నున్నగా, కిందిభాగం సుద్దముక్కలా గరుకుగా తగిలింది. గుండె ఝల్లుమంది. గిన్నెకి ఏదో అంటుకోవడం కాదు, గిన్నెలోదే రసంలోకి దిగింది. ఆ చారు అప్పటికే అందరం తినేశాం.

ఆ రాత్రే నా గ్లేజులన్నిటి మీదా నిమ్మచెక్కలు బోర్లించాను. తెల్లారేసరికి మెరిసే పారదర్శక గ్లేజ్, ఐరన్ వేసిన నల్లగోధుమ గ్లేజ్ ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. ఆకుపచ్చ మీద మాత్రం నిమ్మచెక్కంత తెల్లటి మచ్చ.

మ్యాట్ గ్లేజులన్నీ ఇంతేనని అనను. నా పాళ్లలో సిలికా తక్కువ, సున్నం ఎక్కువ. మెరుపు రాకపోవడానికీ, గాజు గట్టిగా కట్టుకోకపోవడానికీ కారణం అదే. అలాంటి దాంట్లో ఇంత కాపర్ పోస్తే పులుపు తగలగానే వదిలేస్తుంది. ఆవకాయ ఏడాదంతా ఊరే మన జాడీల లోపల ఆ నున్నటి మెరుపు ఎందుకుంటుందో నాకు అప్పుడు అర్థమైంది.

సబ్బుబిళ్ల నునుపు గురించి కూడా ఒక మాట. స్టీలు చెంచా తగిలిన ప్రతిచోటా నల్లటి గీతలు పడతాయి, పసుపు పట్టేస్తుంది. మొదట్లో అందులో పళ్లే పెట్టుకునేవాళ్లం కాబట్టి ఇవి నా కంట పడలేదు.

ఇప్పుడు లోపల పారదర్శకం పోసి, బయట ఆకుపచ్చలో ముంచుతున్నాను. ఇంట్లోకి, పూలకుండీలకి నాకిది చాలు. అమ్మేవాళ్లైతే నిమ్మచెక్కను నమ్ముకోవద్దు, ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. మీ మట్టి, మీ కిల్న్ (కుండలు కాల్చే బట్టీ) వేరైతే ఫలితం కూడా వేరుగా రావచ్చు.

బంధువులకిచ్చిన పాత గిన్నెలన్నీ వెనక్కి తెచ్చుకున్నాను, ఒక్కటి తప్ప. అది పిన్ని ఇవ్వనంది. తాళంచెవులు తప్ప ఇంకేమీ వెయ్యనని మాటిచ్చింది.